ఆచూకీ చెప్పాల్సింది ఎవరు?

ఆమె చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంది. అందులో ఒక జత బట్టలు, ఒక తువ్వాలు, కొడుకు బడి టీసీ జిరాక్సు కాపీ. నాలుగు రోజులుగా ఆ కవరు పట్టుకుని తిరుగుతోంది. శుక్రవారం సాయంత్రం మా ఆఫీసు మూసే వేళకి వచ్చి గుమ్మంలోనే నిలబడి, "నా కొడుకు ఏడున్నడో జర కనుక్కోండ్రి అక్కా" అంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

పిల్లవాడికి పదహారేళ్లు. పదో తరగతి తప్పి, బైకు మెకానిక్ దగ్గర పని నేర్చుకుంటున్నాడు. సోమవారం రాత్రి మఫ్టీలో ఇద్దరు వచ్చి, సెల్ ఫోన్ పోయిన సంగతి అడగాలంటూ బండి మీద ఎక్కించుకుపోయారు. ఏ స్టేషనో చెప్పలేదు. దగ్గర్లోని స్టేషన్‌కి పోతే మా దగ్గర లేడన్నారు. పక్క స్టేషన్‌కి పొమ్మన్నారు. అక్కడ పెద్దసారు లేరు, రేపు రమ్మన్నారు. మూడో రోజు కోర్టు ఆవరణలో ఎవరో మూడు వందలు తీసుకుని, జైలుకి పంపేశారని చెప్పాడు. జైలు గేటు దగ్గర ములాఖత్ రాసుకునేవాళ్లు ఆ పేరే లేదన్నారు. అంతటా ఎదురైన ప్రశ్న మాత్రం ఒకటే: "ఏం పెంచినవమ్మా? నీ మొగుడేం చేస్తడు?" మొగుడు లేడని చెబితే, కేసు అక్కడికక్కడే తేలిపోయినట్టు తలలూపారట. ఆమె మూడిళ్లలో పాచిపని చేస్తుంది. ఈ నాలుగు రోజుల్లో రెండిళ్ల వాళ్లు వేరే మనిషిని పెట్టుకున్నారు.

మేము రెండే రెండు ఫోన్లు చేశాం. పిల్లవాడు బాలుర అబ్జర్వేషన్ హోమ్‌లో ఉన్నాడని తెలిసింది. బుధవారం నుంచీ అక్కడే ఉన్నాడు. ఇందులో మా గొప్పేమీ లేదు. మా గొంతులో చదువు వినపడింది, సంస్థ పేరు వినపడింది, అవతలివాళ్లు సమాధానం చెప్పారు. అదే ప్రశ్న ఆమె అడిగినప్పుడు చెప్పలేదు. నిజానికి గురువారం ఆమె ఆ హోమ్ గేటు దాకా వెళ్లింది కూడా. పిల్లల పేర్లు బయటికి చెప్పకూడదు, చట్టం ఒప్పుకోదని గేటు దగ్గర మనిషి వెనక్కి పంపాడు. అంటే ఆమె కొడుకు ఆ గోడకి అవతలే ఉన్నాడు.

ఈ సంపాదకీయం ఆ గేటు గురించి.

2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంలో 74వ సెక్షన్ ఉంది. కేసులో ఉన్న పిల్లల పేరు, ఊరు, బడి, వాళ్లని గుర్తుపట్టగలిగే ఏ వివరమూ పత్రికల్లోగానీ టీవీల్లోగానీ మరే ప్రచార సాధనంలోగానీ రాకూడదంటుంది. ఉల్లంఘిస్తే ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా. మంచి సెక్షన్. పిల్లవాడి భవిష్యత్తు మీద దొంగ అనే ముద్ర పడకుండా కాపాడటానికి రాసింది. ఈ పత్రికలో మేమూ దాన్ని పాటిస్తాం. కానీ ఆ సెక్షన్ చెప్పేది ప్రచారం గురించి. కన్నతల్లి వచ్చి నా బిడ్డ ఇక్కడున్నాడా అని అడిగితే నోరు మూసుకోమని అందులో ఎక్కడా లేదు. పైగా అదే చట్టం 13వ సెక్షన్ ప్రకారం, పిల్లవాడిని పట్టుకున్నాక వీలైనంత త్వరగా తల్లిదండ్రులకు కబురు చేయాల్సిన బాధ్యత పోలీసులదే. ఏ బోర్డు ముందు హాజరుపరుస్తారో చెప్పి, అక్కడికి రమ్మని పిలవాల్సిన బాధ్యత కూడా వాళ్లదే. తల్లి వెతకాలని చట్టం అనలేదు, తల్లికి చెప్పాలని అన్నది.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. పిల్లలతో మాట్లాడే పోలీసులు యూనిఫాం వేసుకోకూడదని 2016 నాటి కేంద్ర నమూనా నియమాలు చెబుతాయి. ఖాకీ చూసి పిల్లలు భయపడకూడదని. ఆ మఫ్టీ వల్ల వచ్చిందెవరో, ఏ స్టేషన్ వాళ్లో బస్తీలో ఎవరికీ తెలియకుండా పోతోంది. పెద్ద నేరం కాకపోతే, పెద్దవాళ్లతో కలిసి చేసింది కాకపోతే పిల్లల మీద ఎఫ్ఐఆర్ వేయకూడదు, స్టేషన్ డైరీలో మాత్రమే రాయాలి అని కూడా అవే నియమాలు చెబుతాయి. అదీ పిల్లల మేలు కోరే. ఈమె చెల్లెలి కూతురు డిగ్రీ చదువుతోంది, పోలీసు వెబ్‌సైట్‌లో ఎఫ్ఐఆర్ కోసం రెండు రాత్రులు వెతికింది. ఉంటే కదా దొరకడానికి. ఇలా పిల్లవాడిని లోకం నుంచి దాచడానికి రాసిన రక్షణలన్నీ ఒకదాని మీద ఒకటి చేరి, వాడిని తల్లి నుంచి దాచే తెరగా మారిపోయాయి. కావాలని కొందరు, తెలియక కొందరు ఆ తెరని వాడుకుంటున్నారు. తెరకి అవతల ఏం జరుగుతుందో అడిగే మనిషి లేకపోవడం వాళ్లకి సౌకర్యం.

ఆ తెర చాటున జరిగేదేమిటో ఈ కేసులోనే చూశాం. ప్రయాణానికి పట్టే సమయం మినహా 24 గంటల్లోపు పిల్లవాడిని జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు పెట్టాలి. ఒక్క రాత్రి కూడా లాకప్‌లోగానీ జైల్లోగానీ ఉంచకూడదు. బోర్డు కూర్చోని రోజైతే ఒక సభ్యుడి ముందో సభ్యురాలి ముందో హాజరుపరచవచ్చు కాబట్టి సెలవులన్న సాకు చెల్లదు. ఈ పిల్లవాడిని తీసుకెళ్లింది సోమవారం రాత్రి. బోర్డు ముందు పెట్టింది బుధవారం మధ్యాహ్నం. కాగితాల మీద మాత్రం పట్టుకున్నది మంగళవారం సాయంత్రం అని ఉంది, కాబట్టి అంతా గడువు లోపలే. సోమవారం రాత్రి నుంచి మంగళవారం సాయంత్రం దాకా వాడు ఏ రిజిస్టర్‌లోనూ లేడు. ఎక్కడున్నావని తర్వాత మేము అడిగితే "పైన రూములో" అన్నాడు. అంతకన్నా ఏమీ చెప్పలేదు, వాళ్లమ్మ పక్కనే ఉంది మరి.

అసలు ఆ పిల్లవాడిని పట్టుకుపోవాల్సిన అవసరమే లేదు. ఘోరమైన నేరాల విషయంలో తప్ప, లేదా పిల్లవాడి మేలు కోసం తప్పనిసరైతే తప్ప అదుపులోకి తీసుకునే అధికారం వాడకూడదని నియమం. మిగతా కేసుల్లో సమాచారం బోర్డుకి పంపి, ఫలానా రోజు తీసుకురమ్మని తల్లిదండ్రులకు చెబితే సరిపోతుంది. సెల్ ఫోన్ దొంగతనం ఆరోపణకి అంతకన్నా ఏం కావాలి?

ఎక్కడున్నాడో తెలియడం ఎందుకంత ముఖ్యమని కొందరు మిత్రులు అడిగారు. ఎలాగూ హోమ్‌లో అన్నం పెడతారు, నాలుగు రోజుల తర్వాత తెలిస్తే మాత్రం ఏమైందని. తల్లి మనసు సంగతి అలా ఉంచుదాం. 12వ సెక్షన్ ప్రకారం పిల్లలకి బెయిలు మామూలు విషయం, ఇవ్వకపోవడమే మినహాయింపు. నేరం బెయిలబులా కాదా అనే లెక్క కూడా లేదు. జామీను లేకుండా కూడా ఇవ్వవచ్చు. కానీ పిల్లవాడిని ఎవరి చేతికి ఇవ్వాలి? బోర్డు ముందు వాడు ఒంటరిగా నిలబడితే, ఇంటివాళ్లు రాలేదని రాసి హోమ్‌కి పంపుతారు. తల్లి రాకపోవడం తల్లి నిర్లక్ష్యంగా కాగితం మీదికి ఎక్కుతుంది. కుటుంబ పరిస్థితి మీద ప్రొబేషన్ ఆఫీసర్ రెండు వారాల్లో ఇవ్వాల్సిన నివేదికకి కూడా అదే పునాది అవుతుంది. కబురు చేయనిది ఒకరు, మచ్చ పడేది ఇంకొకరికి. మొగుడు లేని ఆడది, ఇళ్లలో పనిచేసుకునేది, బస్తీలో ఉండేది, పిల్లల్ని పట్టించుకోదు అనే మాట తయారుగానే ఉంటుంది. దానికి నివేదికలో చోటు దొరకడమే తరువాయి.

పట్టుకున్న మనిషి బంధువులకు వెంటనే తెలియాలనే హక్కు ఈ దేశంలో ఊరికే రాలేదు. దాని చరిత్రలో ఒక ఆడమనిషి రాసిన ఉత్తరం ఉంది. బొంబాయి జైల్లో మహిళా ఖైదీలతో మాట్లాడిన జర్నలిస్టు షీలా బర్సే, లాకప్‌లో వాళ్లని ఎలా కొట్టారో సుప్రీంకోర్టుకి రాశారు. ఆ ఉత్తరం మీదే 1983లో తీర్పు వచ్చింది. అరెస్టు చేసిన మనిషిని బంధువో స్నేహితుడో ఎవరికి చెప్పమంటావని అడిగి పోలీసులే తెలియజేయాలని, న్యాయ సహాయ కమిటీకి కూడా చెప్పాలని కోర్టు అన్నది. జైళ్లలో మగ్గుతున్న పిల్లల గురించి 1986లో కోర్టుకెక్కిందీ ఆమే. ఆ ఏడే మొదటి జువెనైల్ జస్టిస్ చట్టం వచ్చింది, అయితే అందులో మగపిల్లలకి రక్షణ పదహారేళ్ల దాకానే. పద్దెనిమిది కావడానికి 2000 నాటి చట్టం రావాల్సి వచ్చింది. అరెస్టు మెమో, బంధువులకు కబురు, జిల్లా కంట్రోల్ రూమ్‌లో వివరాలు అన్న ఆదేశాలు 1996లో డి.కె. బసు తీర్పుతో వచ్చాయి. కాగితం మీద మనకి కొరత లేదు.

అందువల్ల పని చేయాల్సింది మొదటి గంటల్లో. మన కార్యకర్తలు అడుగుతున్నారు కాబట్టి, అనుభవంలో తేలింది చెబుతాం.

తల్లి వచ్చిన వెంటనే ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలి. ఏ రోజు, ఎన్ని గంటలకి, ఎంతమంది వచ్చారు, బండి నంబరు ఎవరైనా చూశారా, పిల్లవాడి ఒంటిమీద ఏ బట్టలున్నాయి. పట్టుకున్న సమయాన్ని కాగితం మీద ముందుకు జరపకుండా ఆపగలిగేది ఈ రాత ఒక్కటే. తర్వాత స్టేషన్‌కి వెళ్లి నోటితో అడిగి రావడం కాదు, రెండు కాపీలు రాసి ఒక దాని మీద ముద్ర వేయించుకోవాలి. వేయకపోతే కమిషనర్‌కో ఎస్పీకో అప్పటికప్పుడు పంపాలి. వెనకటి రోజుల్లో పౌరహక్కుల మిత్రులు పోస్టాఫీసుకి పరుగెత్తి టెలిగ్రాం కొట్టేవాళ్లు. దాని మీద పడే సమయమే సాక్ష్యం. టెలిగ్రాం 2013లో పోయింది. ఇప్పుడు సెల్ ఫోన్ సందేశానికీ సమయం పడుతుంది, కాకపోతే దాన్ని చెరిపేయకుండా దాచుకోవాలి. ప్రతి స్టేషన్‌లో బాలల సంక్షేమ పోలీసు అధికారి ఒకరు ఉండాలని 107వ సెక్షన్. స్టేషన్‌లో ఎవరిని కలవాలి అంటే ఆ అధికారి పేరే అడగాలి. అలాంటి వాళ్లెవరూ లేరంటే, అదే ఇంకో ఫిర్యాదు.

స్టేషన్ నుంచి సమాధానం రాకపోతే మనవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు కోర్టుల చుట్టూ తిరగడం. బోర్డు కోర్టు ఆవరణలో కూర్చోకూడదు, అబ్జర్వేషన్ హోమ్‌లోనో దాని దగ్గర్లోనో కూర్చోవాలని నియమం. హైదరాబాదు బస్తీల్లో సైదాబాద్ అన్నా నింబోలిఅడ్డ అన్నా ఎవరికైనా అర్థమవుతుంది, ఒకటి మగపిల్లలది, ఇంకొకటి ఆడపిల్లలది. జిల్లాల్లో అలా కాదు. జిల్లాలు ముక్కలైనంత వేగంగా హోమ్‌లు రాలేదు. పిల్లవాడిని పక్క జిల్లాకో, దాని పక్క జిల్లాకో తీసుకెళ్తారు. జిల్లా బాలల సంరక్షణ విభాగానికి ఫోన్ చేస్తే, వాళ్ల జిల్లా పిల్లల్ని ఏ హోమ్‌కి పంపుతారో చెప్పగలరు. న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100. పిల్లల కోసం 1098 ఉంది. 1996లో ముంబైలో స్వచ్ఛంద ప్రయత్నంగా మొదలైన ఆ ఫోన్ సేవని 2023 నుంచి ప్రభుత్వమే 112తో కలిపి నడుపుతోంది.

పిల్లవాడిని ఇంకా హాజరుపరచలేదని అనుమానం ఉంటే నేరుగా బోర్డుకే రాయాలి. ఇది చాలామందికి తెలియదు. కేసు తమ ముందుకి వచ్చేదాకా చూస్తూ కూర్చోవడం బోర్డుల పని కాదని, పిల్లవాడు లాకప్‌లోనో జైల్లోనో ఉన్నాడని తెలిస్తే తమంతట తామే కదలాలని సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరిలో స్పష్టం చేసింది. తల్లి వేలిముద్ర వేసిన ఒక తెల్లకాగితం చాలు. అప్పటికీ జాడ తేలకపోతే హైకోర్టులో హెబియస్ కార్పస్. అది ఆఖరి దారి అంటారు, కానీ రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చునేంత ఆఖరిది కాకూడదు.

వయసు సంగతి వేరు. ఈమె కవరులో టీసీ ఎందుకు పెట్టుకుందో మాకు మొదట తట్టలేదు. ఎవరో చెప్పారట, పోలీసులు పంతొమ్మిది అని రాస్తే జైలుకే పోతాడని. నిజమే. కొంచెం ఎదిగిన పిల్లవాడైతే, మీసం మొలిచి ఉంటే, వయసు మీద ఒకటి రెండేళ్లు కలిపి రాయడం ఎంతసేపు? అప్పుడు వాడు ఏ హోమ్‌లోనూ దొరకడు, పెద్దవాళ్ల జైల్లో ఉంటాడు. 94వ సెక్షన్ ప్రకారం ముందు బడి ఇచ్చిన పుట్టినతేదీ పత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్, అది లేకపోతే మునిసిపాలిటీదో పంచాయతీదో జనన పత్రం, ఏదీ లేనప్పుడే ఎముకల పరీక్ష. ఆ వరసలో ఆధార్ కార్డు లేదు. మైనరునని ఏ కోర్టులోనైనా, ఏ దశలోనైనా, శిక్ష పడ్డాక కూడా చెప్పుకోవచ్చు. అయితే తల్లి చేతిలో ఒక కాగితం ఉంటే ఆ మాట మొదటి రోజే చెప్పుకోవచ్చు. బడి మానేసిన పిల్లల టీసీ ఇవ్వడానికి తిప్పించుకునే హెడ్‌మాస్టర్లు ఈ ముక్క చదివితే బాగుండును.

గంజాయి మూటలు మోయడానికి విశాఖ మన్యం నుంచి తీసుకెళ్లిన పిల్లలు వేరే రాష్ట్రంలో పట్టుబడితే, ఆ తల్లులకి భాష రాదు, చార్జీలకి డబ్బు ఉండదు. మత్తు పదార్థాలు మోయడానికి పిల్లల్ని వాడుకున్నవాడికి ఏడేళ్ల దాకా శిక్ష అని 78వ సెక్షన్ అంటుంది, అంటే ఆ పిల్లవాడు నేరం చేయించబడినవాడు. కానీ మూట ఎత్తించినవాడు ఎక్కడో ఉంటాడు, మోసినవాడు దొరుకుతాడు. 95వ సెక్షన్ కింద పిల్లవాడిని సొంత జిల్లా బోర్డుకి బదిలీ చేయించవచ్చు, కానీ విచారణ ముగిసి బోర్డు తుది ఉత్తర్వు ఇచ్చాకే. దీని మీద వేరే వ్యాసం అవసరం, వచ్చే సంచికల్లో రాస్తాం.

ఆడపిల్లల విషయానికి వస్తే ఇంతవరకూ రాసినదంతా తలకిందులవుతుంది, ఆ మాట దాచిపెట్టడం న్యాయం కాదు. పదిహేడేళ్ల పిల్లవాడు, పదహారేళ్ల పిల్ల ఇల్లు వదిలి వెళ్తారు. 2012 పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిది లోపు పిల్ల ఇష్టానికి లెక్క లేదు. పిల్లవాడిని అబ్జర్వేషన్ హోమ్‌లో పెడతారు, పిల్లని బాలల సంక్షేమ కమిటీ ద్వారా బాలికల హోమ్‌లో. ఆ పిల్ల ఏ నేరమూ చేయలేదు, రక్షణ కోసమే ఉంచామంటారు, గేటుకి తాళం మాత్రం ఒకటే. ఇద్దరు తల్లులు ఊరికి రెండు కొసల తిరుగుతుంటారు. మా దగ్గరికి ఆ పిల్ల తల్లి వస్తే మేము ఏం చేయాలి?

ఒకసారి మేము తప్పు చేశాం. కొన్నేళ్ల కిందట ఇలాగే ఏడుస్తూ వచ్చిన తల్లికి, పిల్ల ఏ హోమ్‌లో ఉందో కనుక్కుని చెప్పాం. మర్నాడు హోమ్‌కి వెళ్లింది తల్లి కాదు, మేనమామలు. తనెక్కడుందో వాళ్లకి చెప్పొద్దని ఆ పిల్ల కమిటీ ముందు ముందే అన్నదట. మమ్మల్ని ఎవరూ తిట్టలేదు. ఆ పిల్ల మాత్రం తర్వాత మాతో మాట్లాడలేదు. అప్పటినుంచీ ఒక పద్ధతి పెట్టుకున్నాం. జాడ తెలిశాక ముందు మాలో ఒకరం వెళ్లి ఆ పిల్లని కలుస్తాం, మీ ఇంటివాళ్లకి చెప్పమంటావా అని అడుగుతాం. క్షేమంగా ఉందని మాత్రం తల్లికి ఆ రోజే చెబుతాం. ఈ పద్ధతి మగపిల్లలకి ఎందుకు పాటించరని ఒక యువ కార్యకర్త అడిగింది. మంచి ప్రశ్న. తాగొచ్చి కొట్టే తండ్రి వస్తే ఏ పిల్లవాడికైనా చెప్పొద్దనే హక్కు ఉండాలి. కానీ అది పిల్లవాడు చెప్పాలి. గేటు దగ్గర మనిషి చెప్పకూడదు.

చదివేవాళ్లని ఒకటి అడుగుతున్నాం. జువెనైల్ జస్టిస్ బోర్డులో మేజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, వాళ్లలో ఒకరైనా మహిళ కావాలి. జిల్లా ప్రత్యేక పోలీసు విభాగంలోనూ ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉండాలి, అక్కడా ఒక మహిళ. మీ జిల్లాలో వాళ్లెవరో మీకు తెలుసా? బోర్డు వారంలో ఏ రోజుల్లో కూర్చుంటుంది, ఎక్కడ, మీ పిల్లల్ని ఏ హోమ్‌కి పంపుతారు, అక్కడ కలిసే రోజు ఏది, మీ స్టేషన్‌లో బాలల అధికారి పోస్టులో మనిషి ఉన్నారా? ఒక పోస్టుకార్డు మీద రాసి పంపండి. వచ్చినవన్నీ జిల్లాలవారీగా వచ్చే సంచికలో వేస్తాం. చిన్నచిన్న కాగితాలుగా అచ్చువేసి బస్తీ సంఘాలకీ పొదుపు సంఘాలకీ ఇవ్వాలని ఆలోచన.

ఆ పిల్లవాడు ఇప్పుడు ఇంటి దగ్గరే ఉన్నాడు. సోమవారం మా లాయరు మిత్రురాలు దరఖాస్తు పెడితే, తల్లి హామీ మీద బెయిలు ఇచ్చారు. చిన్న నేరాల్లో విచారణ నాలుగు నెలల్లో ముగియాలి, పొడిగిస్తే ఇంకో రెండు, అప్పటికీ తేలకపోతే కేసు దానంతటదే ముగిసిపోతుంది. ఇప్పటికి రెండు వాయిదాలు పడ్డాయి. వాయిదా ఉన్న రోజు ఆమె పనికి వెళ్లదు. కొత్తగా కుదిరిన ఇంటివాళ్లకి కడుపునొప్పి అని చెబుతోంది.